పిప్పి వేయని మొక్క

శుక్రవారం పని ముగిశాక కాఫీ డ్రమ్ము కడుగుతుంటే ట్రెవర్ నా భుజం మీంచి తొంగి చూసి, "ఫెన్యక్కా, ఆ పిప్పి కూడా వదలవా? ఇంటికి పట్టుకెళ్ళి మళ్ళీ మీ ఆయనకి కాచిపోస్తావా ఏంటి?" అన్నాడు. గుమ్మం దగ్గర బురద బూట్లు విప్పుకుంటున్న డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇలాంటి చోట ఆడది నవ్వకపోతే జోకు ఆగిపోదు, పెద్దదవుతుంది. "మొక్కలకి" అన్నాను. "ఓహో, మొక్కలకి!" అని కన్ను కొట్టాడు. మా లోయలో మొక్కలంటే ఏ మొక్కలో ఎవరూ విడమరిచి అడగరు. నేను పిప్పిని బకెట్లోకి దులిపి, మూత పెట్టి, కప్పులన్నీ తుడిచి బోర్లించి ఇంటికి బయల్దేరాను.

మా కంపెనీ కొండల మీంచి దుంగలు దింపుతుంది. ఏ లారీ ఏ కొండకి పోవాలి, ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు దిగుతున్నారు, ఎవరు మలుపు దగ్గర ఆగాలి, ఇదంతా వైర్‌లెస్ మీద చెప్పేది నేను. దారులు ఒక్క బండి పట్టేంత ఉంటాయి. నా నోట ఒక మాట తప్పు వచ్చిందంటే నిండు లోడుతో రెండు లారీలు లోయ అంచున ఎదురెదురు పడతాయి. ఇప్పటిదాకా పడలేదు. కానీ మా ఊళ్ళో ఎవర్నైనా ఫెన్యా ఏం పని చేస్తుందని అడగండి, "ఆవిడ చేతి కాఫీ తాగాలండీ!" అంటారు. నేను చేరిన రోజు నాకు ముందున్నావిడ మొదట చూపించింది వైర్‌లెస్ కాదు, కాఫీ డ్రమ్ము. ఆ తర్వాత ట్రెవర్ చేరాడు. పని నేర్పింది నేనే. ఇద్దరం ఒకే పని చేస్తున్నాం కదా, ఇక వంతులు వేసుకుంటాం అనుకున్నాను. మర్నాడు పొద్దున్న కావాలనే కుర్చీలోంచి లేవలేదు. అతను ఖాళీ కప్పు పట్టుకుని వచ్చి డ్రమ్ము పక్కన నించున్నాడు. కోపం లేదు, తొందర లేదు. తల్లి ఇంకా రాలేదేమా అని చూసే లేగదూడలాగా నించున్నాడు. నేను లేచాను. ఈ వసంతంలో మా పై అధికారి పని మానేస్తే ఆ కుర్చీ ట్రెవర్‌కి ఇచ్చారు. ఓనరు గ్లెన్ నన్ను పక్కకి పిలిచి, "ఫెన్యా, నువ్వు ఈ ఆఫీసుకి గుండెకాయవి. గుండెకాయని ఎవరైనా చోటు మారుస్తారా?" అన్నాడు. ఆ సాయంత్రం ట్రెవర్ కోసం కేకు కోసింది, అందరికీ కాఫీ పోసింది గుండెకాయే.

మొక్కల సంగతి అంతకు ముందే మొదలైంది. నెలసరి ఆగిపోయిన ఏడాది నాకు నిద్ర పోయింది. ఒళ్ళంతా సెగలు, పక్కన ఫ్రెడ్ గురక. మా పెద్దమ్మ కూతురు లుకేర్యా ఒక తల్లి మొక్క నుంచి కత్తిరించి వేళ్ళు తెప్పించిన గంజాయి కొమ్మలు నాలుగు తెచ్చిచ్చింది. ఇక్కడ చట్టమే ఇంటికి నాలుగు దాకా పెంచుకోనిస్తుంది. "పూత ఎండబెట్టి నూనెలో కాచుకో. పడుకునే ముందు రెండు చుక్కలు" అంది. ఆ చుక్కలతో నిద్ర పట్టింది. అది చూసి మరుసటి ఏడూ నాలుగు అడిగి పెట్టుకున్నాను, ఆ మరుసటేడూ. కాఫీ పిప్పి వేస్తే ఆకు నల్లగా నిగనిగలాడుతుందని దుకాణంలో అన్నారు, చర్చి దగ్గర అన్నారు, లుకేర్యా కూడా అంది. నా దగ్గర పిప్పికి కరువా? అప్పట్నుంచి రోజూ బకెట్టు. ఆ బకెట్టుతో పాటు ఒక ఆలోచన కూడా ఇంటికి వచ్చేది. నేను కాఫీ కాచేది వాళ్ళ కోసం కాదు, నా మొక్కల కోసం. వాళ్ళు తాగేది నాకు అక్కర్లేని నీళ్ళు, సారం నాది. ఈ మాట అనుకున్నాక ఆ డ్రమ్ము బరువు తగ్గింది. ట్రెవర్ కప్పు చాచినప్పుడు లోపల్లోపల నవ్వుకునేదాన్ని. తాగు నాయనా, నువ్వెంత తాగితే నా మొక్క అంత పెరుగుతుంది.

ఇంట్లో మొదట్లో ఫ్రెడ్ ఎగతాళి చేశాడు. "మా అమ్మ గంజాయి వాసన పసిగట్టిందంటే మనిద్దర్నీ నదిలోకి తోస్తుంది" అన్నాడు. నడుం దెబ్బతిని మిల్లు పని మానేసినప్పట్నుంచి అతను ఇంట్లోనే ఉంటాడు. నడుం నొప్పి నిజమే, కాదనను. కానీ ఉప్పు ఎక్కడుందో వెతకడానికి నడుంతో పనేముంది? కొండ మీద లారీలు నా మాట కోసం ఆగి ఉన్నప్పుడు ఆఫీసు ఫోను మోగేది. "ఫెన్యా, ఉప్పు కనపడట్లేదే." "పొయ్యి పక్కన." "ఏ పక్కన?" మొక్కలు గుమ్మడిపాదులా గుబురెక్కి మొదటిసారి పూసినప్పుడు మాత్రం ఫ్రెడ్ స్నేహితుల్ని పెరట్లోకి తీసుకొచ్చి, "మా తోట చూడండ్రా" అన్నాడు. మా తోట. నేను కిటికీ లోపల వాళ్ళకి బంగాళాదుంప కూరిన పిరోగులు వేయిస్తున్నాను.

అత్తగారు హాన్యా మా పెరటి చివర చిన్నింట్లో ఉంటారు. ఎనభై దాటినా తలకి రుమాలు కట్టుకుని పొద్దున్నే బీన్సు వరసల్లో వంగి ఉంటారు. దేశం దాటి వచ్చి ఈ లోయలో స్థిరపడ్డ మా వాళ్ళలో పెద్దవాళ్ళు పొగాకు ముట్టరు, సారా ముట్టరు. ఈ మొక్కల్ని చూసి ఇల్లు పీకి పందిరేస్తారని భయపడ్డాను. ఆవిడ ఒక ఆకు నలిపి వాసన చూశారు. "మా అమ్మమ్మ దీని నార తీసి తాళ్ళు పేనేది. గింజల నూనె ఉపవాసం రోజుల్లో కూరల్లో పోసేది" అన్నారు. తర్వాత, "పొగ తాగావంటే మాత్రం నా గుమ్మం తొక్కకు" అన్నారు. అంతే.

ఈ ఏడు జూన్‌లో, మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పుడు, నేను పిప్పి వేస్తుంటే ఆవిడ వచ్చి నించున్నారు. దక్షిణపు గోడ వెంట నాలుగు పెద్ద గుడ్డ కుండీలు. వాటి మీద నేను నల్లగా, మెత్తగా, చేతి మందాన పరుస్తున్నాను.

"ఎందుకు పిల్లా అది?"

"బలం అత్తయ్యా. బాగా పెరుగుతాయి."

"నీకెలా తెలుసు?"

"అందరూ అంటారు."

"అందరి సంగతి కాదు. నీకెలా తెలుసు?"

ఇన్నాళ్ళూ నాలుగింటికీ వేశాను, నాలుగూ పెరిగాయి. వేయకపోతే పెరగవని నేనెక్కడ చూశాను? ఆవిడ సమాధానం కోసం ఆగకుండా బీన్సులోకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ ప్రశ్న పంటి సందులో పీచులా ఇరుక్కుంది. అంట్లు తోముతూ అదే, వైర్‌లెస్ ముందు అదే. ఆఖరికి ఒకటే దారి కనిపించింది. నాలుగూ ఒకే తల్లి కొమ్మలు, ఒకటే మట్టి, ఒకటే గోడ ఎండ. ఒకదానికి మానేసి చూస్తే తెలిసిపోతుంది.

చెప్పినంత తేలిక కాలేదు. కంచె పక్కనున్న బక్క మొక్కని ఎంచుకున్నాను. ఎటూ అది వెనకబడే ఉంది కదా అని. మీద వేసినదంతా చేత్తో ఎత్తేసి పక్క కుండీల్లో పంచాను. మర్నాడు మూడింటికి పిప్పి వేసి దాన్ని దాటి పోతుంటే, పంక్తిలో ముగ్గురికి వడ్డించి నాలుగో పిల్లని ఖాళీ ఆకు ముందు కూర్చోబెట్టి వచ్చేసినట్టనిపించింది. వెనక్కి వెళ్ళి దాని ఆకు తడిమాను. నవ్వొచ్చింది కూడా. నాకు పిల్లలు లేరు. అయినా తల్లి తప్పు చేస్తున్నాననే బాధ ఒంట్లో ఎక్కడో తయారుగా ఉంది, ఎవరి కోసం దాచిపెట్టారో.

తర్వాత ఆ బాధ మరుగున పడిపోయింది, చూడటంలో. నిజం చెప్తున్నాను, నా జీవితంలో ఇంతగా దేన్నీ చూడలేదు. ఇల్లు చూసుకున్నాను, మొగుణ్ణి చూసుకున్నాను, ఆఫీసు చూసుకున్నాను. ఆ చూసుకోవడం వేరు. అందులో కళ్ళతో పని లేదు, చేతులతోనే. ఇప్పుడు పొద్దున్నే వెళ్ళి ఆకు తిప్పి ఈనెలు చూసేదాన్ని. మట్టిలో వేలు గుచ్చి తడి ఎంత లోతుందో చూసేదాన్ని. వాసన చూసేదాన్ని. ఒకరోజు నీళ్ళు పోస్తుంటే ఒక సంగతి కనిపించింది. పిప్పి ఉన్న కుండీల్లో నీళ్ళు ఇంకట్లేదు. పిప్పి ఎండి అట్ట కట్టింది, నీళ్ళు దాని మీంచి జారి అంచుల వెంట కారిపోతున్నాయి. అట్టని గోరుతో ఎత్తితే కింద తెల్లగా బూజు, సన్నటి నల్ల దోమలు ముసురుకుని లేచాయి. ఆకుల అంచులు పసుపు తిరిగాయి. నాలుగో కుండీలో పోసిన నీళ్ళు పోసినట్టే గుటకలేసినట్టు లోపలికి పోయాయి. జూలై ఆఖరుకి ఆ బక్క మొక్క మిగతా మూడింటినీ దాటి కంచె మీంచి తల బయటపెట్టింది.

ఫ్రెడ్ కూడా గమనించాడు. మెట్ల మీద కూర్చుని, "నువ్వు తిండి పెట్టనిదే బాగుపడింది చూశావా? ఈ ఇంట్లో నీ చెయ్యి పడనిదే బతికి బట్టకడుతుంది" అని పకపకా నవ్వాడు. ఆ ఆదివారమే స్నేహితుణ్ణి పిలిచి అదే మొక్క పక్కన నిలబడి, "దీని రహస్యం ఏంటో తెలుసా? కాఫీ పిప్పి!" అన్నాడు. ఇంట్లో మాట ఒకటి, వీధిలో మాట ఒకటి. నేను తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. "దానికి వేయలేదు" అన్నాను. స్నేహితుడు నా వైపు తిరిగాడు. ఫ్రెడ్ తిరగలేదు. "ఏదో ఒకటి వేసుంటావులే" అన్నాడు.

బట్టలారేస్తూ నవ్వుకుందామనుకున్నాను గానీ నవ్వు మధ్యలో ఆగిపోయింది. మొక్కకి పిప్పి అక్కర్లేదు. పైగా దానికి ఊపిరాడట్లేదు. మరి నేను రోజూ కాచిన కాఫీ ఎవరి కోసం? సారం నాది, నీళ్ళు వాళ్ళవి అనుకున్నానే, అది ఎవరు ఎవరికి చెప్పిన కథ? వాళ్ళు కాఫీ కాచమన్నారు, నేను కాచాను. చేదుగా ఉంటుందని నాకు నేనే ఒక చెంచా పంచదార కలుపుకున్నాను. అంతకంటే జరిగిందేం లేదు. మామూలు అబద్ధమైతే పట్టుకునేదాన్నేమో. ఇది చాలా అందంగా ఉంది, అందులో మొక్కలున్నాయి, పచ్చగా ఉంది.

మర్నాడు బకెట్టు తెచ్చి తిన్నగా నాలుగో కుండీ దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచుకోను. మొత్తం దాని మీద కుమ్మరించేద్దామని. అది కూడా మిగతా వాటిలా అయిపోతే ఇక చూడటానికేం ఉండదు. తెలిసింది మళ్ళీ తెలియకుండా పోతుంది. రేపట్నుంచి హాయిగా కాఫీ కాచుకోవచ్చు. బకెట్టు వంచాను. కొంచెం పిప్పి అంచు మీద పడింది కూడా. ఆ మొక్క నా ముక్కుకి ఎదురుగా, గాలికి చిన్నగా ఊగుతూ, ఏ పాపం ఎరగకుండా ఉంది. చెయ్యి ఆగింది. దయతో కాదు. ఇంకా ఎంత ఎత్తు పెరుగుతుందో చూడాలనిపించి ఆగింది. మన గురించి మనకి తెలియకూడదని ఒక పక్క, చూడాలని ఒక పక్క. ఆ పూట చూడాలన్నదే గెలిచింది.

బకెట్టు దించి, మిగతా మూడు కుండీల మీద అట్టని పగలగొట్టి ఎత్తేస్తుంటే అత్తగారు పార పట్టుకుని వచ్చారు. "ఎరువు కుప్పలో వెయ్యి, ఎండాకులతో కలిపి. ఓ చలికాలం కుళ్ళితే పనికొస్తుంది. పచ్చిది తెచ్చి మీద పోస్తే పీక పట్టుకుంటుంది" అన్నారు.

"ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా?"

"చెప్తే నమ్మేదానివి. అందరూ చెప్తే నమ్మావుగా, నేను చెప్తే నన్నూ నమ్మేదానివి." పార మీద ఆనుకుని మూడు మొక్కల్నీ చూశారు. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి శనివారం బోర్షు చారు వండాను. క్యాబేజీ, వెన్న, మీగడ, సోయికూర. నాకది ఇష్టమో కాదో ఎప్పుడూ చూసుకోలేదు" అన్నారు.

"ఇష్టమేనా?"

"ఇప్పుడు అడిగావుగా. చూస్తా."

మరుసటి శనివారం చిన్నింట్లోంచి క్యాబేజీ వాసన రాలేదు. ఫ్రెడ్ రెండుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చి, "అమ్మకి ఒంట్లో బాలేదా ఏంటి?" అన్నాడు. వెళ్ళి చూస్తే ఆవిడ వేయించిన బంగాళాదుంపలు పెనంలోంచే తింటూ కూర్చున్నారు. "ఎవరూ చావలేదు" అన్నారు నన్ను చూసి, నోరు నిండుగా.

సోమవారం నేను కాఫీ పెట్టలేదు.

పోట్లాటకి కాదు. మొక్కకి మానేసినట్టే వీళ్ళకి మానేస్తే ఏమవుతుందో చూద్దామని. కోటు తగిలించి తిన్నగా వైర్‌లెస్ ముందు కూర్చున్నాను. డ్రైవర్లు వచ్చారు. చల్లటి డ్రమ్ము చుట్టూ చేరి, రోడ్డు పక్క చచ్చిన జింకని చూసినట్టు చూశారు. ఒకడు మూత తీసి లోపలికి తొంగి చూశాడు. ట్రెవర్ కప్పుతో వచ్చి అలవాటుగా నించున్నాడు. చాలాసేపు నించున్నాడు పాపం.

"ఫెన్యక్కా, కాఫీ?"

"లేదు."

"డ్రమ్ము పాడైందా?"

"లేదు."

"నీకు బాలేదా?"

"బాగానే ఉన్నాను."

"మరి?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"అదే చూస్తున్నాను" అన్నాను. నాకు తెలియకుండానే గొంతులో నవ్వు ఉంది. అతను నా మొహంలో కోపం కోసం వెతికాడు. ఉంటే దాన్ని ఏం చేయాలో అతనికి తెలుసు, జోకు వేసేవాడు. దొరక్కపోయేసరికి కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. లారీలన్నీ ఎప్పటిలాగే కొండెక్కాయి. మంగళవారం ట్రెవర్ తనే కాచాడు. తారు రోడ్డు వేయడానికి పనికొచ్చేది. ఆ తర్వాత ఎవరి ఫ్లాస్కు వాళ్ళు తెచ్చుకోవడం మొదలెట్టారు.

కప్పులు కడిగే పూటంతా నాకు ఖాళీ దొరికింది. వైర్‌లెస్‌లో డ్రైవర్లు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవి ఇన్నాళ్ళూ నీళ్ళ చప్పుడులో కొట్టుకుపోయేవి. ఇప్పుడు విన్నాను. కనుమ అవతల నకస్ప్ ఊళ్ళో గ్లెన్ కొత్త దుంగల యార్డు తెరుస్తున్నాడట. అక్కడ బళ్ళు నడిపించడానికి ఒక మనిషి కావాలట. ఒక్కరే ఉండాలి, అన్నీ ఒక్కరే చూసుకోవాలి, చలికాలం మంచుకి కనుమ మూసుకుపోతే అక్కడే నిద్ర. అడిగిన మగవాళ్ళందరూ పెళ్ళాం ఒప్పుకోదని తప్పించుకున్నారట. నన్నెవరూ అడగలేదు.

గురువారం గ్లెన్ పిలిచాడు. తలుపు వేసి, కుర్చీ చూపించి, మెత్తగా మొదలెట్టాడు. "మనమంతా ఒక కుటుంబం లాంటి వాళ్ళం ఫెన్యా. నీకేదైనా మనసులో ఉంటే చెప్పు. కాఫీ అనేది చిన్న విషయం."

"చిన్నదే."

"మరి చిన్న విషయానికి ఎందుకింత?"

"చిన్నది కాబట్టి ఎవరైనా కాచుకోవచ్చు" అన్నాను. తర్వాత, వసంతం నుంచీ లోపల ఉన్నది అడిగాను. ఇంతకు ముందైతే ఏడుపొచ్చేది. ఈసారి నిజంగా తెలుసుకోవాలనే ఉంది. "ట్రెవర్‌కి పని నేర్పింది నేను కదా. పై కుర్చీ అతనికెందుకు ఇచ్చారు?"

గ్లెన్ కలం అటూ ఇటూ తిప్పాడు. "అతను అడిగాడు. నువ్వు అడగలేదు." మళ్ళీ తనే, "నువ్వు ఇక్కడ సంతోషంగా ఉన్నావనుకున్నాను. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉండేదానివి" అన్నాడు.

అబద్ధం చెప్పట్లేదు. ఆ జోకులకి నేను నవ్విన నవ్వులన్నీ ఆయన లెక్కలో సంతోషం కింద జమ అయ్యాయి.

"నకస్ప్ యార్డు నాకివ్వండి" అన్నాను.

ఆయన కలం ఆపాడు. "అక్కడ ఒక్కదానివే ఉండాలి."

"తెలుసు."

"దారి మంచిది కాదు. మంచులో..."

"ఆ దారిలో లారీల్ని నడిపేది నేనే కదండీ."

"ఫ్రెడ్ ఏమంటాడు?"

ఇంత వయసొచ్చాక కూడా ఒక మగవాడు నా గురించి ఇంకో మగవాడి మాట అడుగుతుంటే, ఎప్పుడూ లేచే ఆ పాత జంకు కోసం లోపల వెతుక్కున్నాను. దొరకలేదు. ఫ్రెడ్ ఏమంటాడు? అరుస్తాడా? నడుం పట్టుకుంటాడా? సరే అంటాడా? ఇన్నేళ్ళ కాపురంలో అతనేమంటాడో ముందే ఊహించి, ఆ మాట రాకుండా నడుచుకున్నాను. అందుకని అసలు అతనేమంటాడో నాకు నిజంగా తెలియదు.

"నాకూ వినాలనే ఉంది" అన్నాను. "ఆయన ఏమన్నా నేను మాత్రం వెళ్తున్నాను. నా పేరు రాసుకోండి."

గ్లెన్ రాసుకున్నాడు. ఆయన ముందు ఇంకో పేరు లేదు మరి.

ఇంటికి వెళ్ళేసరికి ఫ్రెడ్ మెట్ల మీద ఎండలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పెరట్లో మొక్కలు పూతకొస్తున్నట్టున్నాయి, ఆ ఘాటు వీధి దాకా ఉంది. అత్తగారు బీన్సు వరసలోంచి నడుం నిమిరి లేచి నన్ను చూశారు. నేను కోటు కూడా విప్పలేదు. "ఫ్రెడ్, నకస్ప్‌లో కొత్త యార్డు నాకిచ్చారు. వచ్చే నెల నుంచి అక్కడే. చలికాలంలో కొన్నాళ్ళు ఇంటికి రావడం కుదరదు" అని చెప్పాను.

అతని నోరు తెరుచుకుంది. నేను వసారాలోంచి కుర్చీ లాక్కొచ్చి, అతనికి ఎదురుగా వేసుకుని, ఏమంటాడో వినడానికి కూర్చున్నాను.